సరిహద్దు జిల్లాల డాక్టర్లకు మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్: మొదటి నమోదు నుంచి రెన్యువల్ దాకా

పాతపట్నంలో ఇల్లు, పర్లాకిమిడిలో క్లినిక్. ఇచ్ఛాపురంలో అమ్మానాన్నలు, బరంపురంలో ఉద్యోగం. అటు గోదావరి వైపు వెళ్తే సిరొంచలో పుట్టి వరంగల్‌లో ఎంబీబీఎస్ చదివినవాళ్లు, బాసర పక్కనే ఉండి ధర్మాబాద్‌లో ప్రాక్టీసు చేసేవాళ్లు. గుణుపురం, రాయగడ, కోరాపుట్, కిన్వట్, దెగ్లూర్, రాజురా, ఎక్కడ చూసినా మన తెలుగు డాక్టర్ల జీవితం రెండు రాష్ట్రాల మధ్య నడుస్తుంది. జ్వరం వచ్చిన పేషెంటు హద్దు రాయి చూసి ఆగడు, దగ్గర్లో ఎవరుంటే వాళ్ల దగ్గరికి వస్తాడు. రిజిస్ట్రేషన్ మాత్రం ఏదో ఒక రాష్ట్ర కౌన్సిల్ పుస్తకంలోనే ఉంటుంది. ఇక్కడ చాలామంది ఇబ్బంది పడేది చదువు విషయంలో కాదు, ఈ కాగితాల విషయంలో.

మీరు ఏ భాష మాట్లాడతారు, ఏ కాలేజీలో చదివారు అన్నది కాదు, మీరు కుర్చీ వేసుకుని పేషెంట్లను చూసే ఊరు ఏ రాష్ట్రంలో ఉందన్నదే మీ కౌన్సిల్‌ను నిర్ణయించాలి. ఇక్కడ రాసినదంతా ఈ ఒక్క మాట మీదే నడుస్తుంది.

ముందుగా, ఎవరి పరిధి ఏది

ఒడిశాలో రిజిస్ట్రేషన్ ఇచ్చేది ఒడిశా కౌన్సిల్ ఆఫ్ మెడికల్ రిజిస్ట్రేషన్, భువనేశ్వర్. 1961 నాటి ఒరిస్సా మెడికల్ రిజిస్ట్రేషన్ చట్టం దీనికి ఆధారం. మహారాష్ట్రలో 1965 చట్టం కింద పనిచేసే మహారాష్ట్ర మెడికల్ కౌన్సిల్, ముంబై. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు వేర్వేరు కౌన్సిళ్లు ఉన్నాయి. 2014 జూన్ 2కు ముందు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్‌లో నమోదైన సీనియర్లు తమ రికార్డు ఇప్పుడు ఏ కౌన్సిల్ దగ్గర ఉందో ముందే కనుక్కోవాలి. అది తేలకుండా ఏ దరఖాస్తూ కదలదు.

వీటన్నిటి పైన నేషనల్ మెడికల్ కమిషన్ ఉంది. 2019 చట్టంతో ఏర్పడి, 2020 సెప్టెంబర్ 25 నుంచి పాత మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా స్థానంలో పనిచేస్తోంది. ఆ చట్టంలోని 34వ సెక్షన్ ప్రతి డాక్టరూ చదవాలి. రాష్ట్ర రిజిస్టర్‌లో గానీ జాతీయ రిజిస్టర్‌లో గానీ పేరు లేకుండా వైద్యం చేస్తే ఏడాది దాకా జైలు, లేదా 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఇది నకిలీ డాక్టర్ల కోసమే కదా అని మనవాళ్లు పట్టించుకోరు. గడువు దాటిన రిజిస్ట్రేషన్‌తో పోస్టుమార్టం రిపోర్టు మీద సంతకం పెట్టి కోర్టుకు వెళ్లిన డాక్టరును అవతలి లాయరు మొదట అడిగేది రిజిస్ట్రేషన్ గురించే.

మొదటి మెట్టు: పేరు ఒకటి చేసుకోండి

ఇది ఏ గైడులోనూ ముందు కనిపించదు. మన జిల్లాల్లో మాత్రం దీన్నే ముందు పెట్టాలి, ఎందుకంటే ఇక్కడ ఒకే మనిషికి మూడు పేర్లు తయారవుతాయి.

ఉదాహరణకు ఒక అబ్బాయి తెలుగు మీడియం స్కూల్లో చదివాడనుకుందాం. పదో తరగతి సర్టిఫికెట్లో 'బి. సాయి కిరణ్' అని ఉంటుంది, ఇంటిపేరు ఒక్క అక్షరం. ఒడిశాలో ఇంటర్ చదివితే అక్కడి పద్ధతిలో ఇంటిపేరు చివరికి పోయి 'సాయి కిరణ్ బొడ్డేపల్లి' అవుతుంది. అదే నాందేడ్‌లో చేరితే మధ్యలో నాన్న పేరు దూరి, పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు అనే వరుస వస్తుంది. ఆధార్ తీసినవాడు ఆరోజు తనకు తోచినట్టు కొడతాడు. పెళ్లయిన అమ్మాయిలకు అత్తవారి ఇంటిపేరుతో ఇంకోటి చేరుతుంది. ఇప్పుడు కౌన్సిల్ పోర్టల్ ఆధార్‌ను, డిగ్రీని పక్కపక్కన పెట్టి చూస్తే అవి ఇద్దరు మనుషులవిలా కనిపిస్తాయి.

కాబట్టి ఎంబీబీఎస్ చివరి ఏడాదిలోనే కూర్చుని పదో తరగతి, ఇంటర్, నీట్ స్కోర్ కార్డు, యూనివర్సిటీ మార్కుల జాబితాలు, ఆధార్, పాన్ అన్నీ బల్లమీద పరిచి చూడండి. అక్షరం అక్షరం పోల్చండి. పదో తరగతి సర్టిఫికెట్టునే ఆధారంగా పెట్టుకోండి, పుట్టిన తేదీకీ అదే సాక్ష్యం. దానికి తగ్గట్టు మార్చడానికి సులువైనది ఆధార్, కాబట్టి ముందు దాన్ని సరిచేయించుకోండి. యూనివర్సిటీ డిగ్రీలో తప్పుంటే పట్టా చేతికి రాకముందే దరఖాస్తు పెట్టండి, పట్టా అచ్చయ్యాక ఆ పని బరువవుతుంది.

ఇంటిపేరు పొట్టి అక్షరం నుంచి పూర్తి రూపానికి మారిందంతే అయితే, రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ ఇస్తే చాలాసార్లు సరిపోతుంది. పేరే మారితే గెజిట్ ప్రకటన కావాలి. ఒడిశా గెజిట్ కటక్‌లో అచ్చవుతుంది. పెళ్లి తర్వాత పేరు మార్చుకునే ఉద్దేశం ఉన్న అమ్మాయిలకు నా సలహా ఒకటే: వృత్తిలో పుట్టింటి పేరే ఉంచుకోండి. డిగ్రీలు, పీజీ, కౌన్సిల్, బ్యాంకు, పాస్‌పోర్టు అన్నిటా ఒక్క పేరుంటే ఎంత నిశ్చింతగా ఉంటుందో అవసరం పడ్డ రోజున తెలుస్తుంది.

ఇంకో చిన్న సంగతి. ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరు ఇప్పుడు మీ దగ్గర ఉందా? సరిహద్దు దాటి కాలేజీలో చేరినప్పుడు చాలామంది సిమ్ మార్చేస్తారు, ఓటీపీ మాత్రం పాత నంబరుకే పోతుంది. ఆధార్ కేంద్రానికి వెళ్లి ముందే మార్పించుకోండి.

రెండో మెట్టు: ప్రొవిజనల్, ఆ తర్వాత పర్మనెంట్

ఫైనల్ ఇయర్ పాసవగానే ఇంటర్న్‌షిప్ కోసం ప్రొవిజనల్ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. 2021 నిబంధనల ప్రకారం ఇంటర్న్‌షిప్ 12 నెలలు, విభాగాలన్నీ తిరగాలి. ప్రొవిజనల్ అన్నది ఆ ఇంటర్న్‌షిప్ వరకే. దాంతో ఇంటి దగ్గర సాయంత్రం క్లినిక్ పెట్టకూడదు, మందుల షాపులో కూర్చోకూడదు. ఊళ్లో అందరూ అడుగుతారు, పక్కింటి తాతగారికి బీపీ చూడమంటారు. చూసి పెద్దాసుపత్రికి పంపించండి, మందుల చీటీ మాత్రం రాయకండి.

ప్రొవిజనల్ సాధారణంగా మీ కాలేజీ ఉన్న రాష్ట్రంలోనే తీసుకుంటారు. బరంపురం ఎంకేసీజీలోనో, కోరాపుట్‌లోని షహీద్ లక్ష్మణ్ నాయక్ కాలేజీలోనో చదివితే భువనేశ్వర్ కౌన్సిల్. నాందేడ్ లేదా చంద్రపూర్ ప్రభుత్వ కాలేజీ అయితే ముంబై కౌన్సిల్. ఆల్ ఇండియా కోటాలో 15 శాతం ఎంబీబీఎస్ సీట్ల ద్వారా శ్రీకాకుళం నుంచి బరంపురం వచ్చినవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

ఇంటర్న్‌షిప్ పూర్తయ్యాక పర్మనెంట్. కావలసినవి: ఇంటర్న్‌షిప్ పూర్తి చేసిన సర్టిఫికెట్, యూనివర్సిటీ డిగ్రీ లేదా పాస్ సర్టిఫికెట్, ప్రొవిజనల్ ఒరిజినల్, పదో తరగతి సర్టిఫికెట్, ఆధార్, ఫొటోలు, ఫీజు రసీదు. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెడతారు. ఫీజు ఎంతో ఎవరినో అడిగి నమ్మకండి, అవి మారుతుంటాయి. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఆరోజు ఉన్నదే లెక్క. సర్టిఫికెట్లను ఫోన్‌తో వంకరగా ఫొటో తీసి పెట్టకుండా, ఒరిజినల్‌ను రంగుల్లో, రెండు వైపులా, సీలు మీద అక్షరాలు చదవగలిగేలా స్కాన్ చేయించండి. మసకగా ఉన్న స్కాన్ వల్ల దరఖాస్తు వెనక్కి వస్తే మళ్లీ వరుసలో చివరికి పోతారు.

స్వయంగా రమ్మన్నారనుకోండి. కోరాపుట్, రాయగడల నుంచి భువనేశ్వర్‌కు హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ప్రయాణం. ధర్మాబాద్, నాందేడ్ నుంచి ముంబైకి దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఉంది. ఒక్క కాగితం మరిచిపోయి అంత దూరం వెళ్లి తిరిగి రావడం బాధాకరం. ఒరిజినళ్లన్నీ, వాటి రెండేసి జిరాక్సులూ, ఫొటోలూ ఒకే సంచిలో పెట్టుకుని బయల్దేరండి. కౌన్సిల్ ఆఫీసు సెలవు దినాలు చూసుకోండి. ఒడిశాలో రజో పండుగకు ఉండే సెలవులు మన క్యాలెండర్‌లో కనబడవు.

విదేశాల్లో చదివి వచ్చినవాళ్లకు

ఫిలిప్పీన్స్, కిర్గిజ్‌స్తాన్, జార్జియా, ఎక్కడ చదివినా ఎఫ్‌ఎంజీఈ, అంటే విదేశీ వైద్య పట్టభద్రులకు ఇక్కడ పెట్టే అర్హత పరీక్ష, పాసవ్వాలి. ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. 300 మార్కులకు 150 రావాలి, నెగిటివ్ మార్కులు లేవు. దీని స్థానంలో రావలసిన నెక్స్ట్ పరీక్ష చట్టంలో ఉన్నా ఇంకా అమల్లోకి రాలేదు. 2021 నవంబర్ 18 నిబంధనల తర్వాత చేరినవాళ్లకు కోర్సు కనీసం 54 నెలలు, ఇంగ్లీషులో, అక్కడ 12 నెలల ఇంటర్న్‌షిప్, ఆ దేశంలో ప్రాక్టీసుకు అర్హత, మళ్లీ ఇక్కడ 12 నెలల ఇంటర్న్‌షిప్ ఉండాలి. పిల్లల్ని పంపే తల్లిదండ్రులకు ఇది తప్పకుండా చెప్పండి. ఏజెంటు ఈ షరతులు చెప్పడు, డబ్బు కట్టాక తెలిసినా ఉపయోగం లేదు. ఇక్కడి ఇంటర్న్‌షిప్ సీటు రాష్ట్ర కౌన్సిల్ ద్వారానే వస్తుంది కాబట్టి, ఏ రాష్ట్రంలో స్థిరపడాలనుకుంటున్నారో పరీక్ష పాసైన వెంటనే తేల్చుకోండి.

మూడో మెట్టు: ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి

మన ప్రాంతానికి అసలు ముఖ్యమైన పని ఇది. గజపతి జిల్లా అబ్బాయి విశాఖలో చదివి విజయవాడ కౌన్సిల్‌లో పర్మనెంట్ తీసుకున్నాడు. ఇప్పుడు పర్లాకిమిడిలో క్లినిక్ పెట్టాలి. ఏం చేయాలి?

ముందు పాత కౌన్సిల్‌లో ఇల్లు సర్దుకోవాలి. రెన్యువల్ బాకీ ఉంటే కట్టండి. పీజీ చేసుంటే ఎండీ, ఎంఎస్, డీఎన్‌బీ ఏదైనా సరే అదనపు అర్హతగా అక్కడే ఎక్కించండి. పేరు, చిరునామా సరిచేయండి. మీరు వేరే కౌన్సిల్‌కు మారడానికి అభ్యంతరం లేదని పాత కౌన్సిల్ ఇచ్చే పత్రమే ఎన్‌ఓసీ, దానిమీద వచ్చేది రిజిస్టర్‌లో ఆరోజు ఉన్న వివరాలే. పీజీ ఎక్కించకుండా ఎన్‌ఓసీ తెచ్చుకుంటే కొత్త రాష్ట్రంలో మీరు ఎంబీబీఎస్‌గానే మిగులుతారు. గైనకాలజిస్టునని బోర్డు పెట్టుకున్నాక పెద్ద చిక్కు. గుర్తింపు పొందిన అర్హత లేకుండా స్పెషలిస్టునని చెప్పుకోకూడదని 2002 నాటి వృత్తి నియమావళి స్పష్టంగా చెబుతుంది.

తర్వాత ఏ కౌన్సిల్‌కు మారుతున్నారో పేరు రాసి ఎన్‌ఓసీకి, దానితోపాటు గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టండి. మీ మీద క్రమశిక్షణ కేసు ఏదీ లేదని చెప్పే కాగితం అది. ఎన్‌ఓసీ మరీ ముందుగా తీసుకుని పెట్టెలో దాచుకోకండి, దానిమీద గడువేమైనా ఉందేమో చదవండి. చేతికిచ్చారా, నేరుగా అవతలి కౌన్సిల్‌కు పంపారా అన్నదీ అడిగి రాసుకోండి. నేరుగా పంపితే, అది అందిందని అవతలి ఆఫీసు చెప్పేదాకా ఫోన్ చేస్తూనే ఉండాలి.

అప్పుడు కొత్త కౌన్సిల్‌లో దరఖాస్తు. కొత్త నంబరు వస్తుంది. పాత నంబరు కాగితాలు మాత్రం పారేయకండి. పాత సర్టిఫికెట్లు, పాత మెడికో లీగల్ రిపోర్టులు ఆ నంబరుతోనే ఉంటాయి, పదేళ్ల తర్వాత కూడా కోర్టు పిలవచ్చు.

ఈ రెండింటి మధ్య కాలం గురించి గట్టిగా చెబుతున్నాను. పాతది వదిలేసి, కొత్తది చేతికి రాని రోజుల్లో బోర్డు తగిలించకండి, చీటీ రాయకండి. అద్దె కట్టేశామనో, పేషెంట్లు అడుగుతున్నారనో మొదలుపెట్టినవాళ్లు ఉన్నారు. ఏదైనా ఇంజెక్షన్ వికటించి గొడవైతే, మీ చికిత్స సరైనదే అయినా మిమ్మల్ని కాపాడే కాగితం ఒక్కటీ ఉండదు. మార్పు సమయానికి రెండు మూడు నెలల ఖర్చు పక్కన పెట్టుకుని దిగండి.

మరి ఇచ్ఛాపురంలో ఉంటూ బరంపురం పేషెంటుకు ఫోన్‌లో సలహా ఇస్తే? 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం రిజిస్టర్డ్ డాక్టరు దేశంలో ఏ మూల ఉన్న పేషెంటుకైనా ఫోన్‌లో, వీడియోలో వైద్య సలహా ఇవ్వవచ్చు. ఆ నిబంధనల్లోని మందుల పరిమితులు మాత్రం పాటించాలి. అయితే ఇది క్లినిక్ పెట్టడానికి లైసెన్సు కాదు.

ప్రభుత్వ ఉద్యోగం ఆలోచన ఉంటే భాష సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి. ఒడిశా ప్రభుత్వ వైద్యాధికారి పోస్టులకు ఆ రాష్ట్ర రిజిస్ట్రేషన్‌తోపాటు ఒడియా చదవడం, రాయడం, మాట్లాడడం రావాలి. ఏడో తరగతి స్థాయి దాకా ఒడియా ఒక సబ్జెక్టుగా పాసై ఉండాలి, లేదా దానికి సమానమైన పరీక్ష రాయాలి. బరంపురంలో పుట్టి పెరిగి ఒడియా గలగలా మాట్లాడేవాళ్లు కూడా స్కూల్లో సబ్జెక్టుగా తీసుకోకపోవడం వల్ల ఆ కాగితం దగ్గర ఆగిపోతారు.

జాతీయ రిజిస్టర్

2024 ఆగస్టు 23న నేషనల్ మెడికల్ రిజిస్టర్ పోర్టల్ మొదలైంది. రాష్ట్ర రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు ఆధార్, ఎంబీబీఎస్ డిగ్రీ స్కాన్, కౌన్సిల్ ఇచ్చిన మొదటి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌తో నమోదు చేసుకోవచ్చు. దరఖాస్తు ముందు రాష్ట్ర కౌన్సిల్‌కు, అక్కడి నుంచి మీ విద్యాసంస్థకు, చివరికి కమిషన్‌కు వెళ్తుంది. అన్నీ సరిపోలితే ఒక ప్రత్యేక నంబరు వస్తుంది. రెండు మూడు రాష్ట్రాలతో సంబంధం ఉన్న మనలాంటివాళ్లకు ఇది నిజంగా మేలు చేసే పని, వాయిదా వేయకండి. పేరు సరిచేసుకోమని పైన అంతగా చెప్పింది దీని కోసం కూడా.

నాలుగో మెట్టు: రెన్యువల్

2023 మే నెలలో వచ్చిన రిజిస్ట్రేషన్ నిబంధనల ప్రకారం లైసెన్సు ఐదేళ్లు చెల్లుతుంది, గడువు ముగిసే ముందు మూడు నెలల్లో రెన్యువల్‌కు దరఖాస్తు పెట్టాలి. మహారాష్ట్ర కౌన్సిల్ అంతకు ముందు నుంచే ఐదేళ్ల పద్ధతి నడుపుతోంది.

డబ్బు కట్టడం పెద్ద పని కాదు. సీఎంఈ గంటల దగ్గరే, అంటే డాక్టర్లు ప్రాక్టీసులో ఉంటూనే సదస్సులకు వెళ్లి చదువు కొనసాగించాల్సిన గంటల దగ్గరే, అందరికీ టెన్షన్. ఐదేళ్లలో 30 గంటలని 2002 నియమావళి చెబుతుంది, మహారాష్ట్రలో రెన్యువల్‌కు 30 క్రెడిట్లు చూపాలి. అంటే ఏడాదికి ఆరు గంటలు. నాందేడ్, బరంపురం లాంటి మెడికల్ కాలేజీ ఊళ్లలో ఉన్నవాళ్లకు కష్టం కాదు. మల్కనగిరిలోనో, సిరొంచలోనో ఒంటరిగా ప్రాక్టీసు చేసే డాక్టరు ఒక్క మీటింగుకు వెళ్లాలంటే క్లినిక్ మూయాలి, ఆరోజు వచ్చిన పేషెంట్లను తిప్పి పంపాలి. ఆ కష్టం నాకు తెలుసు, అందుకే చెబుతున్నాను, చివరి ఏడాదికి వదిలేయకండి. ఏటా ఒకటో రెండో కార్యక్రమాలు ముందే ఎంచుకుని పేషెంట్లకు చెప్పి పెట్టుకోండి.

దగ్గరని మనం పక్క రాష్ట్రం సదస్సుకు వెళ్తాం. పర్లాకిమిడివాళ్లు శ్రీకాకుళం, విశాఖ వెళ్తారు, కిన్వట్‌వాళ్లు ఆదిలాబాద్, ధర్మాబాద్‌వాళ్లు నిజామాబాద్. వెళ్లండి, నేర్చుకోవడానికి హద్దేముంది! కానీ ఆంధ్రా, తెలంగాణ కౌన్సిల్ ఇచ్చిన క్రెడిట్లను మీ కౌన్సిల్ లెక్కలోకి తీసుకుంటుందా అని డబ్బు కట్టేముందు మెయిల్ పెట్టి అడగండి. జవాబును ప్రింటు తీసి ఉంచండి.

సర్టిఫికెట్ ఇచ్చినప్పుడు అక్కడే నిలబడి చదవండి. మీ పేరు రిజిస్టర్‌లో ఉన్నట్టే ఉందా? మీ రిజిస్ట్రేషన్ నంబరు సరిగ్గా ఉందా? క్రెడిట్ గంటలు, గుర్తింపు ఇచ్చిన కౌన్సిల్ పేరు, తేదీ ఉన్నాయా? నిర్వాహకులు అక్కడున్నప్పుడు రెండు నిమిషాల్లో సరిచేస్తారు, ఆర్నెల్ల తర్వాత వాళ్లను పట్టుకోలేరు. ఆ సర్టిఫికెట్లన్నిటికీ ఒక్కటే ఫైలు పెట్టండి, లోపలి అట్ట మీద తేదీ, ఊరు, గంటలు వరుసగా రాసుకుంటూ మొత్తం కూడుతూ వెళ్లండి.

గడువు తేదీ సర్టిఫికెట్ మీద చూసి క్లినిక్ గోడ క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో గుండ్రం చుట్టండి. ఆరు నెలల ముందు సీఎంఈ లెక్క చూడాలి, మూడు నెలల ముందు దరఖాస్తు పడాలి. గడువు దాటితే ఆలస్య రుసుము కట్టాల్సి వస్తుంది. అయినా డబ్బు పోవడం చిన్న విషయం, మధ్యలో రిజిస్ట్రేషన్ లేని రోజులే అసలు ప్రమాదం. వృత్తి బీమా ఉన్నవాళ్లు పాలసీ కాగితం తీసి చూడండి, చెల్లుబాటయ్యే రిజిస్ట్రేషన్ షరతు అందులో ఉంటుంది.

కాగితం వచ్చాక రోజూ పాటించాల్సినవి

రిజిస్ట్రేషన్ నంబరు క్లినిక్‌లో కనబడేలా పెట్టాలి. మందుల చీటీ, సర్టిఫికెట్, డబ్బు రసీదు అన్నిటి మీదా ఉండాలి. రాష్ట్రం మారినవాళ్లు పాత నంబరున్న లెటర్‌ప్యాడ్లు మిగిలాయని వాడకండి. చీటీ స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలి. ఇన్‌పేషెంట్ల రికార్డులు మూడేళ్లు ఉంచాలి, పేషెంటు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి.

క్లినిక్ అనుమతి వేరే సంగతి, డాక్టరు రిజిస్ట్రేషన్ ఉంటే అది వచ్చినట్టు కాదు. ఒడిశాలో 1990 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం ఉంది, మహారాష్ట్రలో నర్సింగ్ హోమ్‌కు 1949 చట్టం కింద నమోదు కావాలి. అల్ట్రాసౌండ్ మెషిన్ కొనేముందే పీసీపీఎన్‌డీటీ (గర్భంలో లింగ నిర్ధారణను నిషేధించే చట్టం) రిజిస్ట్రేషన్ చూసుకోవాలి. సూదులు, గాజుగుడ్డల వ్యర్థాలకు 2016 నిబంధనల కింద అనుమతి ఉండాలి.

ఇల్లు మారినా క్లినిక్ మారినా కౌన్సిల్‌కు చిరునామా తెలియజేయండి. ఫిర్యాదు వస్తే నోటీసు రికార్డులో ఉన్న పాత చిరునామాకే పోతుంది, మీకు అందకపోయినా విచారణ తేదీ దాటిపోతుంది. సర్టిఫికెట్ పోతే పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకుని, నోటరీ అఫిడవిట్ జతచేసి డూప్లికేట్‌కు దరఖాస్తు పెట్టండి. డూప్లికేట్ వచ్చేదాకా కౌన్సిల్ వెబ్‌సైట్‌లో మీ పేరు, నంబరు కనిపించే పేజీని ప్రింటు తీసి క్లినిక్‌లో పెట్టుకోండి.